రోష్బ్రూన్ దొర ఎవరు?

ఆ గురువారానికి పెరిన్ తండ్రి పోయి సరిగ్గా నలభై రోజులు. ఆయన దున్నిన పొలం ఆమెకు దక్కాలంటే, ఆ రోజు పొద్దుగుంకేలోగా రోష్బ్రూన్ కోట గుమ్మంలో మోకరిల్లి, తలగుడ్డ తీసి, "దొరా" అని మూడుసార్లు పిలవాలి. దొర ఇంట్లో లేకపోతే, లేడన్న మాట పైకి చెప్పి, తలుపు గొళ్ళేన్ని ముద్దుపెట్టుకుంటే సరిపోతుంది. గడువు దాటిందా, పొలం దొర పాలు.

అసలు చిక్కల్లా దొర ఎవరన్నదే. ముసలి దొర వసంతంలో కన్నుమూశాడు. కొడుకులిద్దరూ కోర్టుకెక్కారు. పెద్దవాడు ఆర్మాన్ కోటలోనూ, చిన్నవాడు గాస్పార్ మర దగ్గరి బురుజులోనూ మనుషులను పెట్టుకుని కూర్చున్నారు. చర్మకారుడు లూబిన్ నోరుజారి పెద్దవాణ్ణి దొరా అన్నాడు. మర్నాటికల్లా అతని కొట్టం బూడిదైంది. చిన్నవాణ్ణి దొరా అన్న తిబో ఎద్దులు మాయమయ్యాయి. అప్పటినుంచి అన్నదమ్ముల్లో ఎవరు ఎదురుపడ్డా జనం దగ్గుతూ పక్కకు తప్పుకుంటున్నారు. మండు వేసవిలో ఊరు ఊరంతటికీ దగ్గు పట్టుకుంది మరి.

దారి చెప్పింది చర్చి గుమాస్తా బ్లేజ్. గురువారం అన్నదమ్ములిద్దరూ వాయిదాకు పట్నం వెళతారట.

"నేల పేరుతో పిలువమ్మా. దొరతనం నేలతో వచ్చేదేగా. మనిషి పేరు మాత్రం ఎత్తకు" అన్నాడు. సాక్ష్యం రాయడానికి తానూ వస్తానన్నాడు.

దారి పొడుగునా పెరిన్ చెప్పాల్సిన మాటలు వల్లె వేసుకుంది. గుమ్మంలో మోకరిల్లి, "రోష్బ్రూన్ దొరా" అని మూడుసార్లు పిలిచింది. ఆమె పెదవులు గొళ్ళేనికి ఆనబోతుండగా తలుపు తెరుచుకుంది. ఎదురుగా ఆర్మాన్. పట్నం వెళ్ళనేలేదు.  వల్లె వేసిన మాటలు ఆమె నోట వాటంతటవే బయటపడ్డాయి.

"దొర ఇంట్లో లేరు గనక గొళ్ళేన్ని ముద్దుపెట్టుకుంటున్నాను."

బ్లేజ్ కలం ఆగిపోయింది.

"నేను కనపడటం లేదా?" అన్నాడు ఆర్మాన్, గొంతు పెంచకుండా. "గడువు ఇవాళ్టితో సరి. నా పేరు పెట్టి పిలువు. వంతెన దాకా వినపడాలి."

పెరిన్ పిలిచింది. మూడుసార్లూ గొంతెత్తి, పేరు పెట్టి, దొరా అని పిలిచింది. బ్లేజ్ రాశాడు. పొలం ఆమెదైంది.

వంతెన మీద గాస్పార్ మనుషులు ఇద్దరున్నారు. ఆమె దగ్గలేదు. వాళ్ళలో ఒకడు మర వైపు పరుగెత్తాడు.

ఇంటికి చేరగానే ఆవును విప్పి పొలంలో కట్టేసింది. కొట్టంలోని గడ్డి మోపులు ఒక్కొక్కటే బయటికి మోయసాగింది. సగం కూడా కాకముందే మర దారిలో దుమ్ము లేచింది.