కంప్యూటర్ డబ్బాకు కిటికీ పెట్టిన వైనం

ముందే చెబుతున్నాను, ఈ కథలో ఒక కంప్యూటర్ చచ్చిపోతుంది. చంపింది నేనే. మీరు నవ్వుకోవచ్చు. మా ఇంట్లో మాత్రం ఇప్పటికీ ఎవరూ సరిగ్గా నవ్వలేదు.

గద్వాలలో మా బావది మగ్గాల ఇల్లు. తొమ్మిదో తరగతిలోనే బడికి దండం పెట్టి వచ్చిన నేను అక్కాబావల దగ్గరే పనికి కుదిరాను. చీర అంచుల డిజైన్లన్నీ బావ కంప్యూటర్లో ఉండేవి. అందులో ఒకటి మామ, అంటే బావ వాళ్ళ నాన్న, పోయేముందు గీసిన నెమళ్ళ అంచు. ఆయన గీసిన కాగితం వానకు నాని ముద్దయింది. అంతకుముందే బావ దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించాడు కాబట్టి నెమళ్ళు బతికాయి. మామ సంవత్సరీకంలోపు ఆ అంచుతో చీర నేసి అత్తకు కట్టించాలని బావ పట్టుదల. అంటే ఆ నెమళ్ళు ఆ డబ్బాలో తప్ప ఇంకెక్కడా లేవు. ఈ ముక్క మీరు గుర్తుపెట్టుకోండి, నేను పెట్టుకోలేదు.

ఎండాకాలం. డబ్బా రొట్టెల పెనంలా కాగుతోంది. ఫోన్లో వీడియోలు చూస్తే, కుర్రాళ్ళు డబ్బా పక్కరేకు కోసి, అద్దం బిగించి, గాలికి ఫ్యాను పెట్టి, లోపల రంగురంగుల లైట్లు వెలిగిస్తున్నారు. బావ చీరలు తీసుకుని హైదరాబాద్ పోగానే నేనూ పనిలోకి దిగాను.

వీడియోలో వాళ్ళ దగ్గర సన్నపళ్ళ రంపం, చేతి డ్రిల్లు, అంచులు నున్నగా చేసే ఆకురాయి, గీత పక్కన అంటించే కాగితం టేపు ఉన్నాయి. నా దగ్గర ఆత్రం ఉంది. అద్దం కోసం గోడ మీది మామ ఫొటో దించి, దాని అద్దం ఊడదీశాను. ఫొటోను మాత్రం భద్రంగా బీరువాలో పెట్టాను. నాకూ భయభక్తులున్నాయి. రేకు కోయడానికి గల్లీ చివర గేట్లు చేసే ఖాజా భాయ్‌ని గ్రైండర్‌తో సహా పిలిపించాను.

ఆయన డబ్బాను అటూ ఇటూ తిప్పి చూశాడు. "రేకు ఊడదీసి ఇయ్యరాదు? లోపల సామానున్నది గద."

"మగ్గం విప్పి ఎవరన్న పడుగు అతుకుతరా భాయ్?"

ఇది మా ఇళ్ళల్లో పుట్టినప్పటి నుంచి చూసే పద్ధతి. పడుగు, అంటే మగ్గం మీది నిలువు పోగులు, అయిపోతే మగ్గం విప్పరు. పాత పోగుల కొసలకే కొత్త పోగులను ఒక్కొక్కటిగా మెలిపెట్టి అతుకుతారు. విప్పితే మళ్ళీ ఎక్కించేసరికి ప్రాణం పోతుంది. అంత గొప్ప మగ్గానికే అక్కర్లేని విప్పుడు ఈ రేకు డబ్బాకు ఎందుకని నా లెక్క.

"మగ్గం సంగతి నాకు తెల్వదు," అన్నాడు ఖాజా భాయ్. "గేటు సంగతి తెలుసు. గిది గేటు గాదు."

"నువ్వు కొయ్యి, నేనున్న."

కోశాడు. నిప్పురవ్వలు ఎగిరాయి, ఇనుప పొడి నల్లగా లోపలికి రాలింది. కిటికీ పళ్ళూడిన ముసలి నోరులా వచ్చింది. పైపైన గుడ్డతో తుడిచి, ఆ కంతలోంచే లోపల లైట్ల తీగ చుట్టి, మామ అద్దాన్ని జిగురుతో అతికించి, తీగ ప్లగ్గు వేరే పెట్టి, రెండు స్విచ్‌లూ వేశాను. లైట్లు అద్భుతంగా వెలిగాయి. ఆ వెలుగులో పొగ చాలా స్పష్టంగా కనిపించింది.

బావ రాగానే ఇద్దరం డబ్బాను వనపర్తి తీసుకుపోయాం. రిపేరు చేసే అతను దాన్ని వంచి తట్టగానే ఇనుప పొడి బల్లంతా పరుచుకుంది. బోర్డు షార్టయి కాలిందని, దానితోపాటు డిస్కు కూడా పోయిందని చెప్పాడు. "ఖాళీ డబ్బాను కోస్తరు అన్నా," అన్నాడు నాతో. "నువ్వు మనుషులున్న ఇల్లు కూలగొట్టినవ్."

తిరుగు బస్సులో కాలిన డబ్బా బావ ఒళ్ళో ఉంది.

"తెగిన పోగైతే అతుకుతం రా," అన్నాడు. "నాయిన నెమళ్ళను ఏడ అతకాలె?"

డబ్బాను నా ఒళ్ళోకి తీసుకున్నాను.

బావ గుర్తున్నంత వరకు మళ్ళీ గీసి, వేళకు చీర నేశాడు. సంవత్సరీకం నాడు అత్త అది కట్టుకుని, అంచు మీద వేలు పెట్టి పోనిచ్చింది. "మీ నాయిన నెమలి మెడ గిట్ల వంచలే. గిది కోడి లెక్కున్నది," అంది బావతో. ఆ మెడనే ఇంకోసారి తడిమి, "ఉండనీ, గిది నువ్వు గీసింది," అని కొంగు సర్దుకుంది. తర్వాత గోడ వైపు చూసి ఫొటో ఏదని అడిగింది.

బీరువాలోంచి ఫొటో తెచ్చాను. అద్దం ఎక్కడుందో చెప్పక తప్పలేదు. ఎంత లాగినా అది డబ్బాను వదల్లేదు. ఆ ఇంట్లో నేను గట్టిగా చేసిన పని అదొక్కటే.

"అద్దం ఆయనది," అంది అత్త. "అది రాకుంటే ఆయన్నే అందుల పెట్టు."

లోపలి కాలిన సామానంతా అప్పుడు, మొదటిసారి, విప్పి తీశాను. మామను కూర్చోబెట్టి దండ వేశాం. అక్క ఫ్యాను వేయబోయి, డబ్బాలోనే ఉండిపోయిన లైట్ల తీగ స్విచ్ నొక్కింది. మామ మొదట పచ్చగా, తర్వాత నీలంగా వెలిగాడు. అత్త పెదవి ఒక పక్కకు కదిలింది. నవ్వో ఏడుపో నాకు తెలియలేదు, అడిగే ధైర్యమూ లేదు.

అందరూ లేచాక ఆ డబ్బా ముందు చేతులు కట్టుకుని ఒట్టు వేశాను. ఇకమీదట లోపల ఎవరున్నారో విప్పి చూడకుండా ఏ డబ్బానూ కొయ్యను, కొయ్యనియ్యను. ఒట్టు పూర్తయ్యేసరికి మామ ముఖం ఎర్రబడింది. అది ఎరుపు లైటు వంతేనని ఇప్పటికీ నాకు నేను నచ్చజెప్పుకుంటున్నాను.