నైరుతిలో నీళ్లు

ఈ రోజు పొద్దున తెల్లాపూర్‌లో మా ఇంటి ముందు ట్రాక్టర్ నిండా ఎర్రమట్టి వచ్చి ఆగింది. నేను తెప్పించలేదు. చందానగర్‌లో ఉండే మా అక్క తెప్పించింది, మా స్విమ్మింగ్ పూల్ పూడ్చడానికి. అది ఇంటికి నైరుతి మూలన ఉంది. నా భార్య సుజాత పోయింది అందుకేనని ఎవరో వాస్తు చూసేవాళ్లు అక్కకు చెప్పారట.

సుజాత పోయాక నేను ఆ వైపు వెళ్లలేదు. నీళ్లు పాచిపట్టి ఆకుపచ్చగా మారాయి. వారం నుంచి మాత్రం దాని పని మీదే ఉన్నాను. ఆకులు తీసి, గోడలు తోమి, పీహెచ్ సరిచేసి, క్లోరిన్ వేసి, ఫిల్టర్ ఆపకుండా నడిపాను. నిన్నటిదాకా మజ్జిగలా ఉన్న నీళ్లు ఈ ఉదయం తేటపడ్డాయి. అడుగున ఆమె ఎంచిన నీలం టైల్స్ కనిపించాయి. అప్పుడే ట్రాక్టర్ వచ్చింది, దాని వెనకే అక్క కూడా.

"నైరుతిల గొయ్యి ఉంటే ఇంటి ఆడమనిషికి మంచిది కాదురా. పూడ్చెయ్, గడ్డి పెంచుకో," అంది అక్క.

"సుజాతను తీసుకుపోయింది క్యాన్సర్, అక్కా. నీళ్లు కాదు."

"గిట్ల మొండికేస్తే ఎట్లరా? ఇగ దాన్ల ఈదేటోళ్లు ఎవరున్నరు?"

"నేనున్నాను."

"నీకు ఈతొస్తదారా?"

నేను ట్రాక్టర్‌ను వెనక్కి పంపేశాను. అక్క టీ కూడా తాగకుండా వెళ్లిపోయింది.

నాకు ఈత రాదు. అరవై దాటినవాడికి నేర్పే ఓపిక ఉన్నవాళ్లెవరైనా ఈ చుట్టుపక్కల ఉంటే చెప్పండి. వాస్తు సలహాలుంటే మాత్రం మా అక్కకు చెప్పుకోండి.