తాడు చూసి వదిలిన పట్టు

కొండమీది ఎల్ ఆల్తో పట్టణంలో ఆదివారం కుస్తీలకు వెళ్లేవాళ్లను బసీలియా ఎవరని అడిగితే తెల్లమొహం వేస్తారు. "ఉరుము" అంటే చాలు, మొహాలు వెలుగుతాయి. ఒకదానిమీద ఒకటి పావడాలు, భుజాన శాలువా, నెత్తిన గుండ్రటి టోపీతో ఆమె గోదా ఎక్కుతుంది. ఒక చుట్టు నాట్యమాడి, టోపీ తీసి, గోదా పక్కన నిలబడి ఆడేవాళ్ల పేర్లు చదివే మనిషి చేతికిస్తుంది. ఆ తర్వాతే ఎదుటిదాని జడ దొరకబుచ్చుకుంటుంది. ఆమెది దుష్టపాత్ర, జనం టికెట్టు కొనేదే ఆమెను తిట్టడానికి. నారింజ తొక్కలు విసురుతారు, దాని చెయ్యి విరిచెయ్యమని రెండోదానికి అరిచి చెబుతారు. ఆట అయిపోగానే పిల్లల్ని చంకనేసుకుని బుద్ధిగా ఇళ్లకు పోతారు. మిగతా ఆరు రోజులూ వాళ్లకే ఆమె వీధి మలుపులో ఊదారంగు మొక్కజొన్నతో కాచిన వేడివేడి అపీ, జున్ను పెట్టి వేయించిన పూరీలు అమ్ముతుంది.

కుస్తీలోకి ఆమె సరదాపడి రాలేదు. ఇరవై రెండేళ్లప్పుడు కింద లోయలో లా పాస్ నగరంలో ఇళ్లలో పనిచేసి తిరిగొస్తూ, నలుగురు కలిసి ఎక్కే టాక్సీ ఒకటి ఎక్కింది. ఎక్కిన నలుగురిలో ముగ్గురు దొంగలే. వెనక కూర్చున్నవాడు మెడకు తాడు వేశాడు. తెలివొచ్చేసరికి చెప్పులు కూడా లేకుండా కాలవ గట్టున పడి ఉంది. ఆ తర్వాత ఆరు నెలలు గడప దాటాలంటే కాళ్లాడలేదు. ఇలా బతకడం కంటే ఎముకలు విరగ్గొట్టుకోవడం నయమనుకుని కుస్తీ నేర్పే ముసలి మెల్కియాదెస్ దగ్గరకు వెళ్లింది. మొదటిరోజే అడిగింది, ఈ విద్య అప్పటికే వచ్చి ఉంటే తను తప్పించుకునేదా అని.

"వెనకనుంచి మెడకు తాడు పడితే నాకు తెలిసిన ఏ పట్టూ పనికిరాదు తల్లీ," అన్నాడు ఆయన. "ఆ టాక్సీ ఎక్కకపోవడమే పట్టు."

ఆమెకు ఒళ్లు మండింది. అయినా అబద్ధం చెప్పని గురువు దొరకడం తేలిక కాదని ఉండిపోయింది. ఆయన ఇంకో నిజమూ చెప్పాడు. గోదాలో సగం బలం ఎదుటిదానిదే, అది ఎగరకపోతే నువ్వు ఎత్తలేవు. నొప్పి భరించలేక ఎవరైనా అరచేత్తో నేలను తడితే మాత్రం మరుక్షణం వదలాలి, వదలనివాళ్లకు ఆయన గోదాలో చోటు లేదు. ఇన్నేళ్లలో ఆమెకు దక్కిందల్లా ఏమిటంటే, రోడ్డు మీద వెనక అడుగుల చప్పుడైతే గుండె జారకుండా తిరిగి చూడగలగడం. నన్నడిగితే అదేమీ తక్కువ సంపాదన కాదు.

పేటవాళ్ల లెక్క వేరు. మలుపు మలుపుకీ కరెంటు స్తంభాలకు గడ్డి కుక్కిన బొమ్మలు ఉరేసి, దొంగ దొరికితే ఇదే గతి అని రాసిపెట్టిన పేట అది. పోలీసులకు ఫోను చేస్తే వాళ్లొచ్చేలోపు దొంగ ఇంటికెళ్లి భోంచేసి ఓ కునుకు తీయొచ్చు. ఇంట్లో పులిని పెట్టుకుని కుక్కలకు భయపడటమేమిటని, పేట సంఘం బసీలియాను కాపలా పెద్దను చేసి మెడలో ఈల వేసింది. గోదా వేరు, వీధి వేరు మొర్రో అని ఆమె మొత్తుకున్నా విన్నవాళ్లు లేరు.

ఒక గురువారం పొద్దున పది గంటలకు, ఆమె దుకాణం ముందే ఒకడు యూఫ్రోనియా పిన్ని వీపు మీది మూట లాగాడు. బంగాళాదుంపలమ్మే డెబ్భై ఏళ్ల ముసలావిడ చతికిలపడింది. బసీలియా లేచింది. లేచి ఏంచేసిందనుకున్నారు? టోపీ తీసి పక్కకు చాపింది! అక్కడ పేర్లు చదివే మనిషి ఎవడున్నాడు? చాపిన టోపీని కూలబడ్డ పిన్ని ఒళ్లో పెట్టి, అప్పుడు పరుగెత్తింది. దొంగ కూడా ఆ చోద్యం చూస్తూ ఒక క్షణం నిలబడిపోయాడు. అదే వాడి కొంప ముంచింది.

పట్టు పడింది. వాడు ఎగరలేదు, ఆమె ఎత్తనూ లేదు. కాలికి కాలు మెలేసి బోర్లా పడేసి, కుడిచెయ్యి వీపు మీదికి మడిచి, మీద కూర్చుంది. మూడంటే మూడు క్షణాల పని. అప్పుడు ఈల ఊదింది.

ఆ ఈలకు తలుపులన్నీ తెరుచుకున్నాయి. కర్రలు, రాళ్లు వచ్చాయి. ఒకావిడ పెట్రోలు తెమ్మంది. కిందవాడు ఏడవడం కూడా మానేశాడు, వాడి ఎడమచెయ్యి ఛాతీ కింద ఇరుక్కుపోయి ఉంది. ఆమె తలెత్తి చూసింది. అందరికంటే ముందు వస్తున్నది సిప్రియానో, ఆమె మొగుడు. మినీబస్సు నడుపుతాడు. బస్సు మీద సామాన్లు కట్టే తాడు చేతిలో ఉంది, ఒక కొసన అప్పటికే ఉచ్చు వేసి ఉంది.

ఆమె చేతులు వదిలేశాయి. మూట అక్కడే పడేసి దొంగ సందుల్లో మాయమయ్యాడు.

సాయంత్రానికి పేటంతా ఒకటే మాట. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి అన్నారు. దొంగల సొమ్ములో దీనికి వాటా ఉందన్నారు. మర్నాడు పెద్ద గిన్నెడు అపీ పొయ్యి మీదే చల్లారింది, తాగేవాడు లేడు. శనివారం సంఘం కూర్చుంటుందని కబురొచ్చింది.

ఉపాయం సిప్రియానోయే చెప్పాడు. "వాడు నేల తట్టాడని చెప్పెయ్యి బసీ. తడితే వదలడం మీ కుస్తీవాళ్లకు అలవాటేగా, చెయ్యి దానంతటదే వదిలేసిందను. టోపీ సంగతీ కలుపు. నవ్వుతారు. నవ్వినవాళ్లు నిన్ను వెలివెయ్యరు."

"తట్టలేదుగా."

"ఎవరు చూశారు?"

అతని మాట అబద్ధమైనా ఆలోచన మంచిదే. ఆ మలుపు పోతే ముగ్గురు పిల్లలతో మళ్లీ ఎక్కడ పొయ్యి పెట్టాలి? ఆ రాత్రంతా ఆ అబద్ధాన్ని నోట్లో పెట్టుకుని నమిలింది.

శనివారం మధ్యాహ్నం బంతాట మైదానంలో అందరూ చేరారు. సంఘం పెద్ద దామాసో మర్యాదగానే అడిగాడు, పట్టినదానివి ఎందుకు వదిలావని. ఆమె చెప్పేలోపే వెనకనుంచి ఎవరో, వాడు తట్టుంటాడులే అన్నారు. నిజంగానే నవ్వులు లేచాయి. సిప్రియానో అప్పటికే ఆ కథ నలుగురి చెవినా వేసి ఉంటాడు, పాపం. ఆ నవ్వుల్లో తనూ ఒక నవ్వు కలిపితే సరిపోయేది.

"తట్టలేదు," అంది బసీలియా. "నేనే వదిలాను."

నవ్వులు ఆగాయి.

"గోదాలో మీరు నా చెయ్యి విరిచెయ్యమంటారు. నాకు భయం లేదు, మీరు ఇంటికెళ్లిపోతారని తెలుసు. మొన్న మీరు ఇంటికెళ్లే జనంలా లేరు. దొంగను పట్టడం నాకొచ్చు. మిమ్మల్ని పట్టడం నాకు రాదు. ఒక తాడు కనిపించింది. మెడకు తాడు పడితే ఎలా ఉంటుందో ఇక్కడ నా ఒక్కదానికే తెలుసు. ఆ తాడు తెచ్చిన మనిషి చేత ఆ పని చేయించబుద్ధి కాలేదు."

దామాసో గొంతు గట్టిపడింది. ఈల తీసి ఇచ్చెయ్యమన్నాడు, ఇచ్చేసింది. మలుపులో దుకాణం సంగతి చేతులెత్తి తేల్చుకుందామన్నాడు. అంతలో యూఫ్రోనియా పిన్ని, కూర్చున్నచోటు నుంచే, ఆ తాడు ఎవరిదే అని అడిగింది. బసీలియా నోరు విప్పలేదు. పిన్ని మళ్లీ అడిగింది. గురువారం సిప్రియానో వెనకే పరుగెత్తినవాళ్లందరికీ తెలుసు.

మగవాళ్ల వరసలో సిప్రియానో లేచి నిలబడ్డాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబుల్లో పెట్టుకుని, మళ్లీ తీశాడు.

"నాదే పిన్నీ," అన్నాడు. "వాడి మెడకు వేసేవాణ్ణే."