నవారు సీటు, భుజాన కాడి: గోదావరి మీద ఒంటరి పడవతో ఒక ఆదివారం

నాది ఇరవై ఏళ్ళు డంపర్ సీటులో కూర్చున్న నడుము. ఓపెన్‌కాస్టు గనిలో మట్టినీ బొగ్గునూ మోసే ఆ పెద్ద బండి గతుకుల్లో రోజుకు ఎన్నిసార్లు ఎగిరిపడుతుందో నేనెప్పుడూ లెక్కపెట్టలేదు, నడుము మాత్రం లెక్కపెట్టుకుంది. రెండేళ్ళ కిందట వెన్నుపూసల మధ్య డిస్కు అరిగిందని దవాఖానలో చెప్పారు. అప్పటి నుంచి గని పైన కూర్చుని రాసుకునే తేలిక డ్యూటీ. బుద్ధున్నవాడు అలాంటప్పుడు మంచి పరుపు కొనుక్కుంటాడు. నేను పడవ కొనుక్కున్నాను. హైదరాబాద్‌లో ఒకాయన అమ్మేస్తుంటే తెచ్చుకున్న కనో అది. ఒక్కరే కూర్చుని, ఒకే తెడ్డుతో నడుపుకునే ఫైబరు పడవ, పద్దెనిమిది కిలోల బరువు. ఇన్నేళ్ళూ ఇంజను మోతలో బతికినవాణ్ణి, నీళ్ళ మీద తెడ్డు చప్పుడు తప్ప మరేమీ వినపడని ఆ మొదటి పావుగంటకే దానికి దాసోహమయ్యాను.

చిక్కేమిటంటే, నేను మూడుసార్లు నీళ్ళలోకి వెళ్ళి మూడుసార్లూ మంచం పట్టాను. నాలుగోసారికి నా భార్య సుజాత షరతు పెట్టింది. మంచిర్యాల నుంచి ఒకాయన పడవ అమ్ముతారా అని అప్పటికే ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నాడు. ఆవిడ గొంతు పెంచకుండానే చెప్పింది: "ఇంకొక్కసారి పో. పొద్దుగాల ఎక్కి పగటాల దిగు. ఒక్కనివే నడుపాలె, ఒక్కనివే మొయ్యాలె. మంచిగ వచ్చినవా, పడవ మనింట్లనే ఉంటది. లేకుంటే ఆయనకు ఇచ్చేద్దాం." సరేనన్నాను. మూడుసార్లూ మందు రాసింది ఆవిడే మరి.

కాబట్టి ఈ ప్రయాణం గోదావరిఖనిలో ఒక సీట్ల దుకాణంలో మొదలైందని చెప్పాలి. ఆటోలకూ లారీలకూ సీట్లు కుట్టే రఫీక్ భాయ్ నాకు పాత దోస్తు. మా డంపర్ ఆపరేటర్లకు ఒక అలవాటుంది. కొత్త బండి వస్తే ఇంజను చూడం, ముందు ఎక్కి సీటు నొక్కి చూస్తాం. ఎంత ఎత్తుగా, ఎంత మెత్తగా ఉంటే అంత మంచి బండి. ఆ లెక్కనే పడవకూ వేసి, మోకాలెత్తు ఫోము సీటు కుట్టించుకున్నాను. సింహాసనం లాంటి ఆ సీటు బిగించి, గోదావరి వంతెన దగ్గర మోకాలి లోతు నీళ్ళలో పడవ ఎక్కి కూర్చున్నాను. రెండుసార్లు తెడ్డు వేశానో లేదో, పడవ ఒక పక్కకు, నేనొక పక్కకు. ఒడ్డున బట్టలు ఉతుకుతున్న ఆడవాళ్ళ ముందు కుడితిలో పడ్డ ఎలుకలా లేచి నిలబడ్డాను.

తడిసి బరువెక్కిన సీటును మళ్ళీ రఫీక్ భాయ్ దగ్గరికి మోసుకెళ్తే ఆయన నవ్వలేదు, ఆలోచించాడు. "అన్నా, బండికి మెత్తటి సీటు ఎందుకు? కింద గుంతలుంటయ్ కాబట్టి. నీళ్ళల్ల గుంతలేవి?" అన్నాడు. ఇరవై ఏళ్ళ అనుభవం ఉందనుకున్న నాకు ఆ చిన్న ప్రశ్న ఎప్పుడూ తట్టలేదు. నన్నూ పడవనూ ట్రాలీ ఆటోలో వేసుకొచ్చిన సమ్మన్న అక్కడే నిలబడి ఉన్నాడు. అతను తెల్లవారుజామున తాటిచెట్లెక్కి కల్లు గీస్తాడు, తర్వాత ఆటో నడుపుతాడు. తాటిచెట్టునూ తన నడుమునూ కలిపి చుట్టుకునే మోకు అతని బండిలోనే ఉంది. దాన్ని తెచ్చి, నడుముకు ఆనే వెడల్పాటి భాగాన్ని నా వీపుకు పెట్టి రెండు కొసలూ పట్టుకుని, వెనక్కి వాలమన్నాడు. వాలాను. "మేము చెట్టు మీద కూసుంటమా అన్నా? నడుముకు ఇది, కాళ్ళకు చెట్టు. గీ రెండు ఉంటే పొద్దుందాక ఉండొచ్చు." చాలా రోజుల తర్వాత నా వీపు కింది భాగానికి తనను ఎవరో పట్టుకున్నారని తెలిసింది.

ఆ వారంలో ముగ్గురం కూర్చుని చేసుకున్న సరంజామా ఇది. టేకు చట్రం మీద నైలాన్ నవారు మంచంలా అల్లిన సీటు. పడవ అడుగు నుంచి ఎనిమిది వేళ్ళ ఎత్తు మాత్రమే, ముందు అంచు రెండు వేళ్ళు కిందికి. నీళ్ళు పడితే నవారు సందుల్లోంచి జారిపోతాయి, ఫోములా పీల్చుకోదు. వెనక జానెడు వెడల్పు నడుము పట్టీ, లోపల పలుచటి ఫోము, పైన రెక్సిన్. రెండు వైపులా పడవ అంచులకు బకిల్స్‌తో బిగించుకోవచ్చు, వదులు చేసుకోవచ్చు. పాదాలు తన్నిపెట్టుకోవడానికి అడ్డంగా ఒక కర్ర, దాన్ని ముందుకూ వెనక్కూ జరుపుకోవడానికి వరసగా రంధ్రాలు. మోయడానికి మాత్రం నేనే సలహా ఇచ్చాను. డంపర్ ఎక్కక ముందు మూడేళ్ళు భూగర్భ గనిలో కప్పుకు ఊతమిచ్చే కర్రలు మోశాను. అందుకే పడవ నడుమ అడ్డంగా ఒక కాడి పెట్టించాను. మెడ దగ్గర వంపు, రెండు భుజాల మీదా మెత్తటి దిండ్లు. పడవను బోర్లించి దాని కిందికి దూరితే బరువంతా భుజాల మీదికి వస్తుంది. సమ్మన్న దాన్ని చూసి, ఇగ నిన్ను పొలానికి కూడ తోలుకపోవచ్చన్నాడు. అన్నీ కలిపి మూడు వేల లోపే అయ్యాయి.

డిసెంబరులో ఒక ఆదివారం తెల్లవారుజామున ఐదుంబావుకు ఖని నుంచి బయలుదేరాం. పడవ ట్రాలీలో, నేను సమ్మన్న పక్కన. మధ్యాహ్నానికి ఖనిలో బస్సెక్కి నేను దిగే రేవుకు వస్తానని సుజాత చెప్పింది. పరీక్ష పెట్టేవాళ్ళు పరీక్ష గదికి రాకుండా ఉంటారా? వంతెన దాటేసరికి మొదటి షిఫ్టు బస్సులు ఎదురయ్యాయి. మంచిర్యాల మీదుగా లక్షెట్టిపేట చేరేసరికి ఏడుంబావు. రానూ పోనూ, ఆగి ఉన్నందుకూ కలిపి ట్రాలీకి రెండు వేల రెండు వందలు మాట్లాడుకున్నాం. సొంత కారు పైన కట్టుకునేవాళ్ళకు ఇందులో సగం కూడా కాదు. అక్కడి హోటల్లో పూరీ వేయించే అక్క పడవ చుట్టూ తిరిగి చూసి, ఇంజను ఎక్కడుందని అడిగింది. నేనే ఇంజనునని చెప్తే, నన్ను కింది నుంచి పైదాకా చూసి ఇంకో పూరీ వేసింది.

ఎల్లంపల్లి ఆనకట్ట వెనక నిలిచిన నీళ్ళు వానలు తగ్గాక ఇక్కడిదాకా నిండుగా ఉంటాయి. ప్రవాహం తక్కువ, కాబట్టి నాలాంటి వాళ్ళకు అనువు. అయినా ఒడ్డున చేపలు పట్టేవాళ్ళను వలలు ఎక్కడ కట్టారో, గాలి ఎప్పుడు లేస్తుందో అడగకుండా దిగకండి. పదకొండు దాటితే ఎదురుగాలి అని వాళ్ళు చెప్పింది నిమిషం తేడా లేకుండా నిజమైంది. లైఫ్ జాకెట్ వేసుకుని, నీళ్ళ సీసా, చపాతీలు, గట్టి మూతున్న డబ్బాలో ఫోను పెట్టుకుని ఎనిమిదింటికి ఎక్కాను. హాజీపూర్ వైపు ఒక పల్లె రేవు దాకా, ఆనకట్టకు చాలా ఇవతలే, పన్నెండు కిలోమీటర్లు.

మొదటి గంట ఎంత హాయిగా గడిచిందో చెప్పడానికి మాటలు వెతకను. సీటు కిందికి ఉండడం వల్ల పడవ నా ఒంట్లో భాగంలా కదిలింది. తెడ్డు వేసినప్పుడల్లా పాదాలు కర్రను తన్నితే ఆ బలం నడుము పట్టీకి వెళ్ళి ఆగుతోంది. వెన్ను మధ్యలో ఊరికే నిలబడి ఉంది. నీటికాకులు మునుగుతున్నాయి, తేలుతున్నాయి. దూరంగా కరెంటు స్తంభాల తలలు కొన్ని నీళ్ళలోంచి పైకి కనిపిస్తున్నాయి, ఒకప్పుడు అక్కడ ఊళ్ళుండేవి.

రెండో గంటలో ఎడమ కాలు తిమ్మిరెక్కింది. నాకు ఆ తిమ్మిరి బాగా తెలుసు. ముందు పిక్కలో మొదలవుతుంది, తర్వాత తొడకు, తర్వాత నడుముకు, ఆ తర్వాత నాలుగు రోజులు మంచం. చలికాలం గాలిలో చెమట పట్టింది. మంచిర్యాల ఆయన గొంతు చెవిలో వినిపించినట్టయింది. నిజం చెప్తున్నాను, భయం వేసింది. నొప్పికి కాదు. యాభై దగ్గర పడుతున్న మనిషికి ఇష్టమని చెప్పుకోవడానికి ఒక్కటంటే ఒక్కటి దొరికితే, అదీ పోతుందేమోనని. తెడ్డు ఒళ్ళో పెట్టుకుని పడవను దాని మానాన వదిలేసి, మోకాళ్ళ మీద కూర్చుని చూశాను, మళ్ళీ కాళ్ళు చాపాను. అప్పుడు తెలిసింది తప్పు ఎక్కడుందో. ఒడ్డున ఉత్సాహంలో పట్టీని శక్తికొద్దీ బిగించేశాను, పాదాల కర్రేమో ఒక రంధ్రం అవతల ఉంది. కాలు అందుకోవడానికి సాగుతూ ఉంటే, నడుము కదలకుండా ఇరుక్కుంది. కర్రను ఒక రంధ్రం దగ్గరికి జరిపాను, మోకాళ్ళు కాస్త వంగాయి. బకిల్‌ను రెండు వేళ్ళు పట్టేంత వదులు చేశాను. పది నిమిషాల్లో తిమ్మిరి పిక్క దగ్గరే ఆగి, దిగిపోయింది.

పదకొండింటికి అసలు పరీక్ష వచ్చింది. మునిగిన ఊరి పాత రోడ్డు ఒకటి కట్టలా నీళ్ళకు అడ్డంగా తేలి ఉంటుంది. పడవను దాని మీదికెక్కించి, అవతల రాళ్ళు లేని చోటు దాకా దాదాపు మూడు వందల అడుగులు మోయాలి. చక్రాల బండి కూడా చేయించుకోవచ్చు కానీ ఇసుకలో, రాళ్ళలో అది పనికిరాదు. గనిలో కర్ర ఎత్తే ముందు మా మేస్త్రీ ఒకటే చెప్పేవాడు: ఒక కొస నేలను వదలొద్దు, రెండో కొస కిందికి నువ్వు పో. అలాగే సామాన్లన్నీ బయట పెట్టి, పడవను బోర్లించి, ముక్కును నేల మీదే ఉంచి, వెనక కొస ఎత్తి, చేతులు మార్చుకుంటూ కిందికి నడిచి కాడి దగ్గర భుజాలు పెట్టాను. మోకాళ్ళతో లేచాను. ముక్కు నేల వదిలింది. బరువు సరిగ్గా రెండు భుజాల మీద కూర్చుంది. నడుముకు ఆ సంగతే తెలియదు. సామాన్ల కోసం రెండోసారి నడవడమే విసుగు, ఎదురుగాలిలో చివరి రెండు కిలోమీటర్లు తప్ప ఆ రోజుకు కష్టమన్నది అదే.

ఒంటిగంటన్నరకు రేవు కనిపించింది. సమ్మన్న ట్రాలీ, దాని పక్కన సుజాత. నేను దిగి, పడవను బోర్లించి, కాడి కిందికి దూరి, ఒడ్డు మీది దాకా నూరు అడుగులు నడిచాను. సమ్మన్న సాయానికి రాబోతే సుజాత చెయ్యి అడ్డం పెట్టింది. పడవను దించి నిలబడ్డాక, రెండో గంటలో కాలు తిమ్మిరెక్కిన సంగతి దాచకుండా చెప్పాను. దాచినా నడిచేదే, కానీ షరతు షరతే. ఆవిడ అంతా విన్నది. నా భుజాల మీద దిండ్లు ఒత్తుకున్న గుర్తులు చూసి, చీర కొంగుతో వాటి మీది ఇసుక దులిపింది. తర్వాత అన్నది:

"రెండేండ్లసంది నువ్వు ఇంటికొస్తుంటే నేను నీ మొఖం చూస్తలేను. చెయ్యి చూస్తున్న. నడుం మీద చెయ్యి ఉన్నదంటే సప్పుడు చెయ్యకుంట పోయి పొయ్యి మీద నీళ్ళు పెడుత. ఇయ్యాల రెండు చేతులు పడవ మీదనే ఉన్నయి."

ఫోను నా చేతికిచ్చి, మంచిర్యాల ఆయనకు ఇక ఫోన్లు చెయ్యొద్దని చెప్పమన్నది. చెప్పాను.

సుఖంగా కూర్చోవడమంటే మెత్తగా కూర్చోవడమని ఇన్నాళ్ళూ నమ్మాను. మనల్ని ఎక్కడ పట్టుకోవాలో అక్కడ పట్టుకునేది ఒకటి ఉంటే నవారు మీద కూడా సుఖంగానే ఉంటుందని ఈ ఆదివారం నేర్చుకున్నాను. ఇది పడవకు మాత్రమే వర్తించే సంగతి కాదని ఇంటికి వస్తూ ట్రాలీలో సుజాత పక్కన ఇరుక్కుని కూర్చున్నప్పుడు అనిపించింది. సమ్మన్నతో కలిపి ముగ్గురికి చాలని ఆ ముందు సీటులో నలభై కిలోమీటర్లు వచ్చినా ఎవరమూ నొచ్చుకోలేదు. ఇక మీరు బయలుదేరే ముందు చేయాల్సింది ఒకటే: పడవను ఇంటి ముందు నేల మీద పెట్టుకుని, పట్టీ బిగించుకుని, అందులో రెండు గంటలు కదలకుండా కూర్చోండి. లేచేటప్పుడు ఇంట్లోవాళ్ళను చూడమనండి. బాగానే ఉందని మనం చెప్పుకునేది నమ్మడానికి లేదు, వాళ్ళు చూసింది నమ్మండి.