జోగిపేట బస్సు

పటాన్‌చెరులో మా ఫ్యాక్టరీలో ఏ వస్తువుకూ అసలు పేరు మిగల్లేదంటే ఆ పాపంలో పెద్ద వాటా నాదే. క్యాంటీన్ సాంబారుకు 'మంజీర' అని పేరు పెట్టాను. ఎండాకాలం నదిలాగే అడుగు కనిపిస్తుంది కనుక. సూపర్‌వైజర్ వస్తుంటే 'మబ్బు పట్టింది' అనేవాళ్లం. వరసగా రెండు షిఫ్టులు చేస్తే 'రెండో పెండ్లి': మొదట్లో హుషారు, చివరికి ఏడుపు. పొద్దున నేనన్న మాట సాయంత్రానికి లైనంతా పాకితే నాకు పండగే.

మనుషులనూ వదల్లేదు. యంత్రాల మరమ్మతు చూసే పెద్దాయన జోగిపేట నుంచి వచ్చేవాడు. లైను ఈ చివరి నుంచి ఆ చివరికి నడవడానికి ఆయనకు అరగంట పట్టేది. ప్రతి యంత్రం దగ్గరా ఆగేవాడు. 'జోగిపేట బస్సు' అన్నాను. అందరూ నవ్వారు, ఆయన కూడా నవ్వాడు. ఆ నవ్వును నేను ఒప్పుకోలు అనుకున్నాను.

దసరాకు ఆయుధపూజ రోజు ఇంటివాళ్లను లోపలికి రానిస్తారు. పోయిన ఏడు పెద్దాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, కూతురినీ కొత్త అల్లుడినీ వెంటబెట్టుకొచ్చాడు. మా లైన్లో కొత్తగా చేరిన బిహారు మనిషి ఎదురొచ్చి, రెండు చేతులూ జోడించి, "నమస్తే బస్ భయ్యా" అన్నాడు. అతనికి తెలిసిన పేరు అదొక్కటే. అల్లుడు మామ ముఖంలోకి చూశాడు. పెద్దాయన బంతిపూల దండ సరిచేస్తున్నట్టు యంత్రం వైపు తిరిగాడు. నేను నాలుగడుగుల దూరంలో కొబ్బరికాయ పట్టుకుని నిలబడి ఉన్నాను.

పండగ అయ్యాక ఆయన పనికి రాలేదు. నాలుగో రోజు ఎవరో "ముసలాయన పని బంద్ వెట్టిండట" అన్నారు. నా మాట వల్ల ఒక మనిషి పని వదిలేశాడా అని భయం పట్టుకుంది. ఆదివారం జోగిపేట వెళ్దామనుకున్నాను. కానీ అక్కడ ఎవరి ఇల్లని అడగాలి? ఆరేళ్లు పక్కన పనిచేసిన మనిషి పేరు నాకు తెలియదు. గేటు దగ్గర హాజరు పుస్తకం తిరగేయించి ఆ పేరు రాసుకున్నాను.

ఆదివారం ఆ పేరు చెప్పి అడుగుతూ వెళ్లేసరికి, ఆయన ఊరి బయట చేనులో, నడుముకు ఒడి కట్టుకుని పత్తి ఏరుతున్నాడు.

"ఏంది తమ్మీ, గింత దూరం వచ్చినవ్? మిషిన్ ఖరాబైందా?"

"కాదు కాకా. నువ్వు పని బంద్ వెట్టినవన్నరు."

"ఎవడన్నడు? పత్తి పగిలింది, కూలోళ్లు దొర్కుతలేరు. సార్‌కు చెప్పే వచ్చిన. ఎల్లుండి డ్యూటీకొస్త."

గట్టు మీద కూలబడ్డాను. ఇన్ని రోజులుగా గుండెల మీదున్న బండ దిగింది. ఆ సంతోషంతోనే వెనక్కి తిరిగి పోవచ్చు. పోబుద్ధి కాలేదు.

"గా పేరు వెట్టింది నేనే కాకా. తప్పయింది."

"నాకెర్కనే. గసొంటియి నువ్వే పుట్టిస్తవ్." చేతులు ఆపకుండానే అన్నాడు. "అల్లుడడిగిండు, బస్సేంది మామా అని. రోజు బస్సుల వస్త గద, అందుకే అంటరని జెప్పిన. ఆయన నమ్మిండు. బిడ్డ నమ్మలే."

నేను గట్టు మీది గడ్డిపోచ తుంపుతూ కూర్చున్నాను.

"ఊకెనే ఆగుతనా తమ్మీ నేను? ఆగినకాడల్లా ఏదో నట్టు లూజుంటది. సప్పుడు మీకు ఇనవడది." ఆయనే నవ్వాడు. "ఇగ కూసున్నవేంది? గా సాలు నువ్వు పట్టు."

పొద్దుగూకేదాకా ఏరాను. పత్తికాయల మొనలకు వేళ్లు గీసుకుపోయాయి. అయినా అంత తేలిగ్గా నేనెన్నడూ బస్సెక్కలేదు.

మంగళవారం ఆయన వచ్చేలోపే బిహారు మనిషికి ఆయన అసలు పేరు రెండుసార్లు పలికించి నేర్పాను. సాంబారు ఇప్పటికీ మంజీరే. మనుషులకు మాత్రం పేర్లు పెట్టడం మానేశాను. ఆ మంగళవారమే పెద్దాయన నా యంత్రం దగ్గర ఆగి, చెవి పెట్టి విని, పానా తీశాడు. నట్టు బిగియడానికి రెండు చుట్లు పట్టింది.