నీట మునిగిన ఇటలీ కారు

ఆంధ్రప్రదేశ్ ఇంకా ఒకే రాష్ట్రంగా ఉన్న చివరి సంవత్సరాల్లో నేను సికింద్రాబాద్‌లో మోటారు సర్వేయరుగా పనిచేసేదాన్ని. దెబ్బతిన్న బండి బాగవుతుందా, లేక 'టోటల్ లాస్' రాసి తుక్కు కింద అమ్మాలా అన్నది బీమా కంపెనీకి తేల్చి చెప్పడం మా పని. ఒక ఆగస్టులో, కుండపోత వాన వెలిశాక, బొల్లారంలో ఒక కారు చూసి రమ్మని డివిజనల్ మేనేజరు పంపారు.

యజమాని గ్రానైట్ వ్యాపారి రాజమల్లు గారు. ఆయన ఇంటి సెల్లారులో, బురద మధ్య, ఎర్రటి ఇటలీ కారు. రేసుల్లో గెలిచిన ఇంజినునే రోడ్డుకు తగ్గట్టు మలిచి, దాన్ని తయారుచేసిన కర్మాగారం ఇలాంటివి కొద్ది కార్లే చేసి ఆపేసింది. మళ్ళీ కొందామన్నా దొరకదు.

కారు కంపెనీ తరఫున ముంబయి నుంచి వచ్చిన ఇంజినీరు అప్పటికే పెదవి విరిచాడు. సీట్ల దాకా నీళ్ళొచ్చాయి, సీట్ల వెనకున్న ఇంజిను దక్కదు, విప్పడం దండగ అన్నాడు. మేనేజరుదీ అదే మాట.

నేను రాజమల్లు గారిని ఒక్కటే అడిగాను: నీళ్ళొచ్చాక స్టార్ట్ చేశారా?

"సెల్ఫ్ ముట్టనియ్యలే మేడం. డ్రైవరు బయటికి తీస్తనన్నడు, చాబీ గుంజుకున్న. బ్యాటరీ వైరు సుత నేనే పీకిన," అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, "తుక్కుల ఎయ్యకుండ్రి మేడం. జెర మంచిగ సూడుండ్రి," అన్నారు.

ఆ జవాబుతో నాకు ఆశ కలిగింది. సిలిండర్లలోకి నీరు చేరాక ఇంజిను తిప్పితే లోపలి రాడ్లు వంగిపోతాయి. తిప్పకపోతే బతికే అవకాశం ఉంది. పైగా తలుపు మీద ఎండిన బురద గీత, ఇంజిను గాలి పీల్చుకునే రంధ్రాలకు జానెడు కిందే ఆగింది. విప్పి చూడనిదే రిపోర్టు రాయనన్నాను. రేపు ఇంజిను పట్టేస్తే జవాబు చెప్పుకోవాల్సింది మీరేనని మేనేజరు హెచ్చరించారు. సరేనన్నాను.

వర్క్‌షాపులో నా ఎదుటే స్పార్క్ ప్లగ్గులు తీయించి, సన్నటి గొట్టపు కెమెరాతో పన్నెండు సిలిండర్లూ చూశాం. అన్నీ పొడిగా ఉన్నాయి. ఇంజినును చేత్తో తిప్పితే ఎక్కడా పట్టకుండా తిరిగింది. రేసు కార్లలో లాగా ఆయిలుకు విడిగా ట్యాంకు ఉంది, అందులోకీ నీరు చేరలేదు. ముంబయి ఇంజినీరు కెమెరా తెర వైపు మరోసారి వంగి చూసి, తన అభిప్రాయం వెనక్కి తీసుకుంటున్నానని అందరి ముందూ అన్నాడు. పాడైంది సీట్లూ, కొంత వైరింగూ, ఎలక్ట్రానిక్ కంట్రోలు పెట్టెలూ. అవి ఇటలీ నుంచి వచ్చేసరికి దసరా దాటింది.

స్టార్ట్ చేసిన రోజు అందరం ఇంజిను చుట్టూ చేరాం. మొదటిసారి దగ్గి ఊరుకుంది. రెండోసారి అందుకుంది. ఆ గర్జనకు షెడ్డు రేకులు అదిరాయి. రాజమల్లు గారు చేతులు పైకెత్తి "షురూ అయింది!" అని అరిచారు. రోడ్డు టెస్టుకు తాళం నా చేతిలో పెట్టి, "ముందుగాల మీరే కూసోండ్రి," అన్నారు.

బొల్లారం దాటి ఖాళీ రోడ్డు ఎక్కాక మూడో గేరులో యాక్సిలరేటరు కాస్త నొక్కాను. వీపును ఎవరో వెనక్కి తోసినట్టయింది. తిరిగి వచ్చేదాకా నవ్వుతూనే ఉన్నాను. బండి బాగైందని ఆ సాయంత్రమే రిపోర్టు ఇచ్చాను.

మునిగిన బండి విషయంలో నీళ్ళు ఎంత ఎత్తు వచ్చాయన్నది సగం ప్రశ్నే. నీళ్ళొచ్చాక మనిషి ఏం చేశాడన్నది మిగతా సగం. ఆ రెండూ తెలియకుండా తర్వాత ఏ బండికీ నేను టోటల్ లాస్ రాయలేదు.