మాట పడిపోయిన సరంగు

మా బావగారు మద్రాసులో చదువుకునే రోజుల్లో పాచికలతో కథ నడిపే ఆటొకటి నేర్చుకొచ్చేరు. ఆదివారాలు రాజోలులో వాళ్ళ అరుగుమీద మాచేత ఆడించేవారు. మేం తలో వీరుడి వేషం కట్టేవాళ్ళం. రాక్షసులూ సముద్రాలూ ఆయన నోట్లోంచే వచ్చేవి. పాచిక చావు చూపిస్తే, ఆ వీరుడి వివరాలున్న కాగితం పర్రున చింపేసేవారు. ఎంత బతిమాలినా "పోయినవాడు పోయినట్టేనయ్యా" అని నవ్వేవారు.

అంతర్వేది నుంచి వచ్చే నా స్నేహితుడు ఓడ నడిపే సరంగు వేషం కట్టేడు. ఒకరోజు ఆటలో తుఫాను రేగింది, సరంగుకి చావు పడింది. బావగారు కాగితం అందుకున్నారు.

"చింపకండి బావగారూ. దానిమీదున్నది మా నాన్న పేరండి. పోయినేడు సముద్రంలోకి చేపల వేటకెళ్ళి తిరిగి రాలేదు."

బావగారు కాగితం వాడి చేతికిచ్చేసేరు. "చావలేదు. ఒడ్డుకి కొట్టుకొచ్చేడు. కాకపోతే ఇంక జన్మలో మాట రాదు" అన్నారు.

"మాట లేకపోతే ఏమండి, ఇంటికొచ్చేడు కదా" అని వాడు కాగితం జేబులో పెట్టుకున్నాడు.

పై ఆదివారం ఆట లేదు. బావగారు బస్సెక్కి అంతర్వేది వెళ్ళేరట. గుమ్మంలో వల బాగుచేసుకుంటున్న వాడి తల్లిని చూసి, ఏం చెప్పాలో తెలీక, పలకరించకుండానే తిరిగొచ్చేశారని అక్క చెప్పింది. ఆయన మళ్ళీ ఎవరిచేతా ఆ ఆట ఆడించలేదు.